అరవై రెండు రాళ్ళు

మా మల్లేశ్వరి ఒకటో తరగతిలో ఉండంగ
బడికి తాళం పడె.
రెండో తరగతి రెండు నెల్లు తెరిసి మళ్ళా మూసిరి.
పరీక్షల్లేవు, పాసంట.
ఇప్పుడు బడి తెరుస్తాండాం అని దండోరా ఏసినారు గానీ
మూడో తరగతి మా ఊర్లో లేదంట.
పెద్దొంక దాటి, బెంగుళూరు రోడ్డు దాటి
హైస్కూల్లో కలిపినారంట.

రెండున్నర కిలోమీటర్లేనంట.
కిలోమీటరంటే నాకేం తెలుసు?
నాకు నూరు దంకా లెక్క వచ్చు.
ఆయితారం పొద్దున పాపను ఏలు పట్టుకోని
ఆ పిల్ల అడుగులే లెక్కేస్తా పోయినా.
నూరైతే ఒక రాయి కొంగులో.
వంకలో ఇసక, కాలు దిగబడె,
ఆడ అడుగులు చిన్నవాయె, రాళ్ళు ఎక్కువాయె.
రోడ్డు కాడ పది లారీలు పోయేదాకా నిలబడినాం.
నిలబడిందానికి రాయి ఎట్ల ఎయ్యల్ల?
ఎయ్యలే.
హైస్కూలు గేటు ముట్టుకునేతలికి
కొంగు బరువుకు భుజం లాగె.

మీటింగుకి పిలిచినారు.
వరండాలో సున్నంతో గుండ్రాలు గీసి
గుండ్రానికొక తల్లిని నిలబెట్టినారు.
ఖాజాబీ గమ్మునుండే మనిషి కాదు.
"మాకేమో బారెడు దూరం నిలబడమంటిరి,
మా బిడ్డల్ని నాలుగు నూర్ల మంది నడుమ కూచోబెడ్తిరి,
ఇదేం లెక్క సారూ?"
తిక్కస్వామి సారు మాస్కు సర్దుకున్న్యాడు.
రెండేండ్లాయె ఆయన నోరు చూసి,
నవ్వుతాండాడో లేదో తెలీదు.
"నాదేముందమ్మా, నన్ను యాడికేస్తారో నాకే తెలీదు"
అని ఫోన్లో నీలం గీత చూపించె.
ఆ గీత వంక మీద కాకి మాదిరి పోయింది,
వానకాలం తెలీని గీత.

కాగితం తెచ్చినారు.
మాకు అభ్యంతరం లేదు అని రాసుండాదంట.
ముందు సానిటైజరు, తర్వాత సిరా.
నారెక్క బొటనేలు ఒత్తితే
ముద్ర పడలే, నీలం మరక పడె.
"మళ్ళా వెయ్యమ్మా."
మళ్ళా మరకే.

నా వంతొచ్చె.
నాకు ముద్రతో పని లేదు, పేరు రాయొచ్చు.
బడి మూసిన కాలంలో మా యింట్లో బడి నడిచె:
పొయ్యికాడ బొగ్గుతో
మల్లేశ్వరి టీచరు, నేనొక్కదాన్నే పిల్లని.
ఆయప్ప తాడిపత్రి బండల పనికి ఫోను ఎత్తుకపోతే
పాపకు ఇంగేం పాఠం? నాకు చెప్పడమే దాని పాఠం.
'హొ' తొందరగా వచ్చె.
'న్నూ' కాడ పదైదు దినాలు పట్టె.
తప్పు రాస్తే తొడపాశం కూడా పెట్టె.

ఆ అక్షరాలు
ఆ కాగితం మీద ఖర్చు పెట్టబుద్ది కాలే.

కొంగు ఇప్పి టేబులు మీద గుమ్మరిస్తి.
ఎవురో ఉలిక్కిపడి వాటి మీద సానిటైజరు కొట్టిరి.
అరవై రెండు రాళ్ళు తడిసి మెరిసె.
"ఇది పోను మాత్రమే సారూ.
రాను ఇంగ లెక్కెయ్యలేదు.
రోడ్డు కాడ నిలబడిందీ లెక్కెయ్యలేదు."
సారు ఒక రాయి ఎత్తి చూసినాడు
దాంట్లో ఏదో రాసున్నట్టు.
మా అర్జీ గాలికి ఎగరకుండా
దాన్నే బరువు పెట్టె.
ఏమీ చెప్పలే. మేమూ అడగలే.

పొద్దుగూకినాక ఇంట్లో
మిగతా రాళ్ళను పాప ఏరుతాండాది.
అచ్చెనగాయలకు నున్నంగుండేవి ఐదు.
ఎగరేసి, పట్టి, మళ్ళా ఎగరేసి
ఉన్నట్టుండి ఆపి అడిగె:
"మా, సారు కాడ ఒకటి, నా కాడ ఐదు.
ఆరు తగ్గినాయి గదా,
బడి రొంత దగ్గరికొచ్చినట్టేనా?"